రోము మైదానం, జోగిపేట పందిరి, వనపర్తి పెట్టె



పదిహేను రోజుల క్రితం వనపర్తి గ్రంథాలయానికి వెళ్లినప్పుడు నా పాత విద్యార్థి ఒకడు కనిపించాడు. గ్రూపు పరీక్షలకు చదువుకుంటున్నాడు. ముందర ప్రాచీన రోము చరిత్ర తెరిచి ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుశల ప్రశ్నలు ముగిశాక ఒక మాటన్నాడు.

"సార్, రెండు వేల ఏండ్ల కిందనే రోము వాళ్లకు ప్రజాసభలున్నయట. చట్టాలు వాళ్లే చేసుకున్నరట, అధికారులను వాళ్లే ఎన్నుకున్నరట. మన దిక్కు చూస్తే గద్వాల రాజులు, వనపర్తి రాజులు, వాళ్ల మీద నిజాము. మనోళ్లకు సభ అంటేనే తెల్వకపాయె గద సార్?"

"తెలుసు నాయనా, బాగా తెలుసు" అన్నాను. ఎట్లా తెలుసో చెప్పబోయేసరికి గ్రంథాలయం మూసే వేళయింది. సగంలో ఆగిన ఆ జవాబే ఈ టపా. వాడు చదువుతాడని నాకు నమ్మకం. మీరూ చదివి, పొరపాట్లుంటే దిద్దగలరు.

నేను తెలుగు పండితుణ్ణి, చరిత్రాచార్యుణ్ణి కాను. అందుచేత మాట దగ్గరి నుంచే మొదలుపెడతాను. ‘సభ’ మనకు చాలా పాత మాట. అథర్వవేదం సభను, సమితిని ప్రజాపతి కుమార్తెలుగా పేర్కొన్నది. భారతంలో ఒక పర్వానికే సభ పేరున్నది. ఆ పర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్న అందరికీ తెలిసినదే. నిండు సభ. భీష్మద్రోణులున్నారు. ప్రశ్న ధర్మమైనది. అయినా పెద్దల నుంచి సూటియైన జవాబు రాలేదు. వికర్ణుడొక్కడు న్యాయం పలికితే, చిన్నవాడివి, నీకేం తెలుసునని కర్ణుడు అతణ్ణి గద్దించాడు. ఆ ఘట్టాన్ని పిల్లలకు పాఠంగా చెప్పిన ముప్పై ఏళ్లూ నాకు మూడు ప్రశ్నలు తోస్తూ వచ్చాయి. సభను పిలిచేది ఎవరు? అందులో మాట్లాడేది ఎవరు? చివరికి లెక్కకు వచ్చేది ఎవరి మాట? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ సభ ఎవరిదో తేలిపోతుంది. రోము సభలనైనా, మన సభలనైనా ఈ మూడు రాళ్లతోనే తూచుదాం.

ముందు రోము సంగతి.

క్రీ.పూ. 509లో రాజులను వెళ్లగొట్టి రోమనులు గణరాజ్యం స్థాపించుకున్నారని వారి సంప్రదాయం. ఆ రాజ్యంలో ప్రజలు గుమికూడే తీరులు ప్రధానంగా రెండు. ఒకటి ‘కోంతియో’. అది వినే సభ. అధికారి పిలుస్తాడు, మాట్లాడతాడు, తనకు ఇష్టమైనవారిని మాట్లాడనిస్తాడు. జనం నిలబడి వింటారు. మెచ్చుకోవచ్చు, కేకలు పెట్టవచ్చు. అంతకు మించి వారి పని లేదు. రెండవది ‘కొమీతియా’. అది ఓటు వేసే సభ. యుద్ధం చేయవలెనా, చట్టం కావలెనా, వచ్చే ఏటికి కాన్సులు ఎవరు అన్నది తేల్చేది ఇక్కడే. కాని ఇక్కడ చర్చ ఉండదు. ప్రతిపాదనలో ఒక్క అక్షరం మార్చమని అడిగే వీలు లేదు. ‘నీవు అడిగినట్లే కానిమ్ము’ అనవచ్చు, లేదా ‘పాతదే ఉండనిమ్ము’ అనవచ్చు. ఆ రెండు మాటలకే పౌరుడి నోరు పరిమితం.

అంటే ఒక సభలో జనానికి చెవులున్నాయి, మరొక సభలో చేతులున్నాయి. నోరు మాత్రం రెండింటా అధికారిదే.

ఇక లెక్క సంగతి మరీ చిత్రమైనది. రోములో ఓట్లు తలల వారీగా లెక్కించేవారు కారు, గుంపుల వారీగా లెక్కించేవారు. కాన్సులను ఎన్నుకునే శతకాల సభనే చూడండి. ఆస్తిని బట్టి పౌరులను 193 శతకాలుగా పంచారు. శతకానికి ఒక ఓటు. సంప్రదాయంగా చెప్పే తొలి లెక్క ప్రకారం గుర్రపు దళాల వారికి 18, మొదటి తరగతి ధనవంతులకు 80. కూడితే 98. 193లో సగానికి పైనే! ఆ రెండు వర్గాలవారు ఏకమైతే పని అక్కడికే ముగిసేది. మిగిలిన తరగతులను పిలిచే అవసరమే ఉండేది కాదు. ఆస్తి ఏమీ లేని పేదలందరినీ, వారెన్ని వేలమంది ఉన్నా, ఒక్క శతకంలో కుక్కారు. ఆ శతకం వంతు వచ్చే సరికి పొద్దు గుంకేది. తరువాతి కాలంలో మొదటి తరగతి శతకాలను 70కి తగ్గించారు గాని, మొగ్గు ధనవంతుల వైపే నిలిచింది.

అయితే రోము పేదలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. క్రీ.పూ. 494లో అప్పుల బాధకు తాళలేక ‘ప్లెబులు’ అనబడే సామాన్య జనం నగరాన్ని విడిచి పవిత్రగిరి మీదికి వెళ్లి కూర్చున్నారని వారి చరిత్రకారులు రాశారు. మన భాషలో చెప్పాలంటే ఊరు ఊరంతా అలిగింది. దున్నేవాడు, యుద్ధం చేసేవాడు లేక నగరం బెంబేలెత్తింది. చివరికి సామాన్యులకు తమ సొంత అధికారులైన ట్రిబ్యూనులు, తమ సొంత సభ దక్కాయి. ఆ సభ చేసిన నిర్ణయం ధనికులతో సహా రోమనులందరినీ కట్టివేస్తుందని ఒప్పించడానికి మరి రెండు వందల ఏళ్లు పట్టింది. క్రీ.పూ. 287 నాటి హోర్టెన్సియస్ చట్టంతో అది సాధ్యమైంది.

ఇంకొక విజయం రహస్య ఓటు. అంతకు ముందు పౌరుడు ఇరుకైన పలక వంతెన మీదుగా ఒక్కొక్కడే నడిచి వెళ్లి, ఓట్లు అడిగే మనిషికి నోటితో చెప్పవలసి వచ్చేది. పక్కనే దొర నిలబడి వింటుండగా బాకీదారు ఏమి చెప్పగలడు? క్రీ.పూ. 139లో ఎన్నికలకు, 137లో చాలా రకాల విచారణలకు, 131లో చట్టాలకు మైనపు పలకల మీద గీసి బుట్టలో వేసే పద్ధతి వచ్చింది. అయినా వంతెన మీద నిలబడి పలకలోకి తొంగిచూసే పెద్దమనుషులు పోలేదు. క్రీ.పూ. 119లో ట్రిబ్యూనుగా ఉన్న మారియస్ ఆ వంతెనలను ఇంకా ఇరుకు చేయించాడు. ఓటు వేసేవాడి పక్కన మరొకడు నిలబడే చోటు లేకుండా! ఆ చట్టం చదివినప్పుడు నాకు మారియస్ మీద గౌరవం కలిగింది. స్వేచ్ఛ అన్నది ఒక్కొక్కసారి జానెడు పలక వెడల్పులో ఉంటుంది.

ఇప్పుడు మన దిక్కు వద్దాం.

గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట. ఇవన్నీ నిజాముకు కప్పం కట్టిన సంస్థానాలు. వీటిలో సభలు లేవని ఎవరనగలరు? గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. ఆ సభలలో శాస్త్రార్థాలు జరిగాయి, అవధానాలు జరిగాయి. మా గురువుల గురువులు ఆ కొలువుల్లో శాలువలు కప్పించుకున్నవారే. వారి విద్యకు అన్నం పెట్టిన సంస్థానాలకు నేను తల వంచి నమస్కరిస్తాను. కాని తక్కెడ తీసినప్పుడు మొగమాటం పనికిరాదు. ఆ సభను పిలిచేది రాజు. మాట్లాడేది పండితుడు. చివరి మాట మళ్లీ రాజుదే. కోట బయట వెట్టి చేసే మనిషికి లోపలి సభలో చెవులు కూడా లేవు. రోము పేదవాడి పాటి భాగ్యం అతనికి లేదన్నమాట. ఇంతవరకు నా విద్యార్థి చెప్పింది నిజమే.

ఆ తరువాత కథ మారింది. ఎక్కడ మారిందో చూడండి.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో ఉపన్యాసాలు సాగాయి. అందరూ సావధానంగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోయాడు. సభలో గోల, వెక్కిరింపులు, చప్పట్లు. ఆయన్ను మాట్లాడనివ్వలేదు. ఆ రాజ్యంలో అధిక సంఖ్యాకుల భాషకు ఆ రాజధానిలో దక్కిన మర్యాద అది. ఆ సభ పాపాత్ముల సభ కాదు. మంచి పని కోసం కూడిన పెద్దల సభ. అందుకే ఆ వెక్కిరింపు మరింత గుచ్చుకున్నది.

ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో పదకొండు మంది కూర్చున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, ఆదిరాజు వీరభద్రరావు వంటివారు అందులో ఉన్నారు. ‘ఆంధ్ర జనసంఘం’ అక్కడ పుట్టింది. పవిత్రగిరికి అలిగిపోయిన ప్లెబుల కథ చదివినప్పుడల్లా నాకు ఆ పదకొండు మంది గుర్తుకు వస్తారు. వారు వెళ్లింది కొండ మీదికి కాదు, ఒక ఇంటి చావడికి. కాని చేసిన పని ఒకటే. మమ్మల్ని మాట్లాడనివ్వని సభ మాది కాదు, మా సభను మేమే కట్టుకుంటాం అన్నారు.

సభ కట్టుకోవడం ఆ రోజుల్లో అంత తేలిక పని కాదు. 1929లో ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తరువు వచ్చింది. ముందుగా ప్రభుత్వ అనుమతి లేనిదే బహిరంగ సభ జరపరాదని దాని సారాంశం. రోములో అధికారి పిలవనిదే సభ లేదు. ఇక్కడ అధికారి ఒప్పుకోనిదే సభ లేదు. రెండు వేల ఏళ్లు గడిచినా తాళంచెవి ఒకే రకపు చేతిలో ఉన్నది.

ఆ తాళం బిగించి ఉండగానే 1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అనుమతి తెచ్చుకొనే జరిగింది. దానికి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మన గద్వాల సీమవాడు! సురవరం ప్రతాపరెడ్డి గారు. 1896లో పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. అది నాడు గద్వాల సంస్థానం, నేడు జోగులాంబ గద్వాల జిల్లా. మద్రాసులో చదివి, న్యాయశాస్త్రం నేర్చి, 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించి, నిజాము రాజ్యంలో తెలుగువాడికి నోరిచ్చిన మనిషి. సంస్థానంలో పుట్టినవాడు సంస్థానం కాని సభకు అధ్యక్షత వహించాడు. మా ప్రాంతపు చరిత్రలో ఇంతకంటె పెద్ద మలుపు నాకు కనబడదు.

జోగిపేట సభను మన మూడు రాళ్లతో తూచి చూడండి.

పిలిచింది ఎవరు? జనసంఘం. అనుమతి ప్రభుత్వానిదైనా పిలుపు ప్రజలది.

మాట్లాడింది ఎవరు? ఇక్కడే రోము కన్న మన పందిరి గొప్పదనం. ఈ మహాసభలకు విషయనిర్ణయ సభ అని ఒకటి ఉండేది. అందులో ముసాయిదాల మీద వాదోపవాదాలు జరిగేవి. తీర్మానాన్ని ఒకరు ప్రతిపాదిస్తే మరొకరు బలపరిచేవారు, వేరొకరు సవరణ తెచ్చేవారు. ‘అడిగినట్లే కానిమ్ము, పాతదే ఉండనిమ్ము’ అన్న రెండు మాటలతో సరిపెట్టుకోలేదు. పైగా అంతా తెలుగులో! తొమ్మిదేళ్ల క్రితం వెక్కిరింపు తిన్న భాష అధ్యక్షపీఠం మీద కూర్చున్నది. మహాసభతో పాటే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. రోము స్త్రీకి ఏ కాలంలోనూ ఓటు లేదు. ఆభరణాల మీద ఆంక్షలు పెట్టిన ఒప్పియస్ చట్టం రద్దు కావాలని క్రీ.పూ. 195లో స్త్రీలు వీధుల్లోకి వచ్చి, ఓటు వేయబోయే మగవారిని దారిలో నిలదీశారు. పని సాధించారు కూడా. కాని సభలోకి అడుగుపెట్టలేదు. జోగిపేటలో స్త్రీలే తమ సభ నడిపారు.

అన్నీ సజావుగా సాగాయని చెప్పను. ఆది హిందువుల నాయకుడు భాగ్యరెడ్డివర్మ గారు ఆ సభలో పాల్గొనడం సనాతనులు కొందరికి రుచించలేదు, అభ్యంతరాలు వచ్చాయి. నిర్వాహకులు వాటికి లొంగలేదు. అట్లాగే, ఆ తొలి సభలకు వచ్చినవారిలో వకీళ్లు, వర్తకులు, దేశముఖులు, చదువుకున్నవారు ఎక్కువ. నాగలి పట్టినవాడు పందిరి అంచున ఉన్నాడు. ఆ లోటు పూడడానికి మరి పదేళ్లు పట్టింది.

ఇక మూడవ ప్రశ్న. లెక్కకు వచ్చింది ఎవరి మాట? ఇక్కడ మన తక్కెడ తేలిపోయింది. గస్తీ నిషాన్ రద్దు చేయాలన్నారు. మాతృభాషలో చదువు చెప్పాలన్నారు. తరువాతి సభలలో వెట్టిచాకిరీ మాన్పించాలన్నారు. ప్రతి తీర్మానం న్యాయమైనదే. కాని ఏ తీర్మానమూ ప్రభుత్వాన్ని కట్టివేయదు. అది చట్టం కాదు, అర్జీ. రోమనులకు నోరు లేని ఓటు ఉండేది. మనవారికి ఓటు లేని నోరు ఉండేది.

అయినా ఆ నోరు మూతపడలేదు. 1931లో దేవరకొండ, అధ్యక్షులు బూర్గుల. 1934లో ఖమ్మం, పులిజాల వెంకటరంగారావు. 1935లో సిరిసిల్ల, మాడపాటి. 1936లో షాద్‌నగరు, కొండా వెంకటరంగారెడ్డి. షాద్‌నగరు అప్పుడు మా మహబూబ్‌నగరు జిల్లాలోనిదే. 1937లో నిజామాబాదు, మందుముల నరసింగరావు. ఇట్లా సభ ఊరూరా తిరిగింది. రోము సభలకూ వీటికీ ఇది మరొక తేడా. అక్కడ ఓటు వేయాలంటే ఎంత దూరపు రైతైనా పొలం విడిచి రోము నగరానికి నడవవలసిందే. రానివాడి ఓటు లేనట్లే. ఇక్కడ సభే జనం ఉన్న చోటికి నడిచి వచ్చింది.

ప్రభుత్వం ఊరుకోలేదు, తనదైన ఒక సభను చూపించింది. 1937లో అరవముదు అయ్యంగారు అధ్యక్షతన సంస్కరణల సంఘాన్ని వేసి, 1939లో కొత్త శాసనసభ పథకాన్ని ప్రకటించింది. 85 మంది సభ్యులలో ఎన్నికయ్యేవారు 42 మందే. అంటే సగం కూడా కాదు. ఆ ఎన్నిక కూడా ప్రాంతాల వారీగా కాదు, వృత్తుల వారీగా, ప్రయోజనాల వారీగా. జాగీర్దారులకు కొన్ని, భూస్వాములకు కొన్ని, వర్తకులకు కొన్ని. ఇది చదివినప్పుడు ఆ 193 శతకాలు మీకు గుర్తు రాలేదా? మనుషులను లెక్కించడానికి ఇష్టం లేని ప్రభుత్వం ఎప్పుడూ గుంపులను లెక్కిస్తుంది. గుంపులు కట్టేవాడి చేతిలోనే ఫలితం ఉంటుంది. యుద్ధం వల్ల ఆలస్యమై, 1946లో 132 మంది సభ్యులతో ఆ శాసనసభ ఏర్పడేసరికి స్టేటు కాంగ్రెసు దాన్ని బహిష్కరించింది.

ఈ లోగా మహాసభ స్వరూపమే మారింది. 1941 చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. పందిరి అంచున నిలబడ్డ రైతు నడిమికి వచ్చాడు. ఊళ్లలో జనం దాన్ని ‘సంగం’ అన్నారు. 1944 భువనగిరి సభతో అతివాదులు, మితవాదులు విడిపోయారు. ఆ తరువాతి సాయుధ పోరాటం, 1948 సెప్టెంబరు నాటి విలీనం, 1949లో జాగీర్ల రద్దు అందరికీ తెలిసిన చరిత్ర. దాన్ని వేరొకరు నాకంటె బాగా చెప్పగలరు. నేను వనపర్తి పెట్టె దగ్గరికి త్వరపడుతున్నాను.

1952. వయోజన ఓటు మీద హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు తొలి ఎన్నికలు. 175 స్థానాలు. శతకాలు లేవు, తరగతులు లేవు. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతి తలకూ ఒక ఓటు. వనపర్తి నుంచి కాంగ్రెసు పక్షాన నిలబడి గెలిచినవారు సురవరం ప్రతాపరెడ్డి. జోగిపేటలో అర్జీల సభకు అధ్యక్షుడైనవాడు ఇరవై రెండేళ్ల తరువాత చట్టాల సభకు సభ్యుడైనాడు. దేవరకొండ సభ అధ్యక్షుడు బూర్గుల షాద్‌నగరు నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయినాడు. నోరూ ఓటూ ఒక్కచోటికి చేరిన సంవత్సరం అది. ప్రతాపరెడ్డి గారు ఆ పదవిలో ఎక్కువ కాలం ఉండలేదు. 1953 ఆగస్టు 25న కన్ను మూశారు.

ఆ ఎన్నికలలో ఓటు వేసిన మనిషి మా ఇంట్లో ఉండేది. మా నాయనమ్మ. వనపర్తి సంస్థానపు ఊళ్లో పుట్టి, వనపర్తి సంస్థానపు ఊరికే కోడలైంది. అక్షరం రాదు. అప్పటి పద్ధతి వేరు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టె మీద గుర్తు. కాగితం మీద గీత పెట్టే పని లేదు. చాటున ఉన్న పెట్టెల్లో నచ్చిన దాంట్లో కాగితం వేయడమే. చదువు రాని దేశానికి ఆలోచించి కట్టిన వంతెన అది. ఆ ఎన్నికల నాడు దేశంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యనని, ఫలానావాని తల్లినని మాత్రమే చెప్పినందున జాబితాల్లోకి ఎక్కలేకపోయారు. మా నాయనమ్మ పేరు చెప్పింది. పరాయి మగవాళ్ల ముందర తన పేరు తాను పలకడం జీవితంలో అదే మొదటిసారి అని నవ్వుతూ చెప్పేది.

నేను బళ్లో చదువుకునే రోజుల్లో ఒకనాడు అడిగాను. "నాయనమ్మా, మరి ఏ పెట్టెల ఏసినవు?"

ఆమె చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా అన్నది. "చెప్పెటిదైతే పెట్టెను సాటుకెందుకు పెడ్తరు బిడ్డా?"

మారియస్ పేరు ఆమె ఎన్నడూ వినలేదు. కాని మారియస్ పలక ఎందుకు ఇరుకు చేశాడో ఆమెకు తెలుసు. చనిపోయేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడితో ముగిస్తే కథ సుఖాంతం. కాని రోము కథ ఇంకా కొంచెం మిగిలి ఉంది. దాన్ని చెప్పకపోతే నా విద్యార్థికి సగమే చెప్పినట్లవుతుంది.

రోము ప్రజాసభలను ఏ శత్రువూ వచ్చి పడగొట్టలేదు. క్రీ.పూ. 133లో భూమి చట్టం తెచ్చిన టైబీరియస్ గ్రాకస్‌ను సెనేటు పక్షం వారు కొట్టి చంపారు. అప్పటి నుంచి సభలోకి ఓటుతో పాటు కర్ర కూడా వచ్చింది. తరువాత డబ్బు వచ్చింది. ఆ తరువాత సైన్యం వచ్చింది. విచిత్రం ఏమిటంటే సభ సన్నగిల్లిన కొద్దీ దాని కట్టడం పెద్దదైంది. ఓటర్లు నిలబడే కొయ్య దడుల స్థానంలో జూలియస్ సీజర్ చలువరాతి మండపం తలపెట్టాడు. క్రీ.పూ. 26లో అగ్రిప్పా పూర్తి చేశాడు. క్రీ.శ. 14లో టైబీరియస్ చక్రవర్తి రాగానే అధికారుల ఎన్నిక ప్రజల నుంచి సెనేటుకు మారిపోయింది. ప్రజలు కాస్త గొణిగి ఊరుకున్నారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ చలువరాతి మండపం మల్లయుద్ధాలకు, వినోదాలకు పనికివచ్చింది. రద్దు చేయనక్కరలేకుండానే సభ చచ్చిపోయింది. జనం రావడం మానేసినా, వచ్చినవారి మాట లెక్కకు రాకపోయినా సభకు అంత్యక్రియలు వేరే చేయనక్కరలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మన రాజ్యాంగం 73వ సవరణతో గ్రామసభకు చోటిచ్చింది. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారైనా గ్రామసభ జరగాలన్నది. రోములో ఏ పేదవాడికీ దక్కని సభ ఇది. పిలుపు చట్టానిది, నోరు ఊరివారందరిదీ, స్త్రీపురుష భేదం లేదు, ఆస్తి భేదం లేదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఊళ్లో గ్రామసభ పుస్తకం మా బడికి వచ్చింది. "సార్, సంతకాలు తక్కువ పడ్డయి, మీరందరు ఒకటి పెట్టుండ్రి" అన్నారు. ఆ సభ ఎప్పుడు జరిగిందో, అసలు జరిగిందో లేదో నేను అడగలేదు. తరగతికి వేళవుతోందని సంతకం పెట్టి పుస్తకం ఇచ్చేశాను. ఆ రోజు నేను చెప్పిన పాఠం ఏమిటో గుర్తు లేదు. సభాపర్వం మాత్రం కాదనుకుంటాను. అయి ఉంటే చేయి వణికేది.

జరగని సభకు సంతకం పెట్టడం అంటే సభలో మాట్లాడకుండా కూర్చోవడం కన్న పెద్ద దోషం. భీష్ముడు కనీసం అక్కడ ఉన్నాడు. నేను లేను.

పదవీ విరమణ తరువాత మా ఊరి గ్రామసభకు వెళుతున్నాను. ఒక్కొక్కసారి ఇరవై మంది ఉంటాం, ఒక్కొక్కసారి పది మంది. మొదట్లో ఆడవాళ్లు తలుపు దగ్గర నిలబడేవారు. మొన్న ఒకామె లోపలికి వచ్చి, మురుగు కాలువ లెక్క చదవమని అడిగింది. కార్యదర్శి చదివాడు. ఆమె మళ్లీ చదవమన్నది. మళ్లీ చదివాడు. అది చిన్న సంగతే. కాని వివేకవర్ధని థియేటరులో మాట పూర్తి చేయనివ్వక కూర్చోబెట్టిన ఆ తెలుగు న్యాయవాదిని తలచుకుంటే అంత చిన్నదిగా తోచదు.

కనుక నాయనా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. రోమనులకు సభ ఉండేది, వారు దాన్ని పోగొట్టుకున్నారు. మనవారికి సభ లేదు, వారు దాన్ని అడిగి, కట్టి, మూడు దశాబ్దాలు మోసి మన చేతిలో పెట్టారు. అందులో ముందు నడిచినవాడు నీ ఊరికి కొన్ని ఆమడల దూరంలో పుట్టినవాడు. పరీక్షలో రోము మీద ప్రశ్న వస్తే రోము గురించే రాయి, మార్కులు దానికే ఉంటాయి. కాని ఈసారి మీ ఊళ్లో గ్రామసభ దండోరా వినబడిన రోజున పుస్తకాలు పక్కన పెట్టి ఒక గంట వెళ్లి కూర్చో. మాట్లాడటానికి ఏమీ తోచకపోతే లెక్క చదవమని అడుగు.

మిత్రులారా, మీ ఊరి పెద్దలలో 1952లో పెట్టెల్లో ఓటు వేసినవారి జ్ఞాపకాలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి రాయండి. ఆ తరం దాదాపుగా వెళ్లిపోయింది. ఏ పెట్టెలో వేశారని మాత్రం అడగకండి.

సెలవు.